ఎండను ఇంట్లో దాచుకునే ఊళ్లు

మైనస్ 20 డిగ్రీల చలిలోనూ పెద్దగా కట్టె కాల్చకుండా ఇంటిని వెచ్చగా ఉంచుకోవచ్చని లద్దాఖ్ చూపించింది. ఆ పద్ధతి ఇంకా చాలా ఇళ్ల గడప తొక్కలేదు.

జనవరి నెల, సాయంత్రం ఆరు గంటలు. లేహ్‌కు దగ్గర్లో, సింధు నది ఒడ్డున ఒక పల్లె. పొద్దు కొండల వెనక్కి జారిందో లేదో, పెరట్లో పెట్టిన బకెట్‌లో నీళ్ల మీద మంచు పొర అల్లుకోవడం మొదలవుతుంది. ఇల్లు చూస్తే రెండంతస్తులు. గదులకు కొదవ లేదు. మనుషులున్నది మాత్రం ఒక్క గదిలోనే. దాన్ని చాన్సా అంటారు. వంటిల్లూ అదే, పడకగదీ అదే, పిల్లల చదువుల గదీ అదే.

గది నడుమ ఇనప పొయ్యి. అందులో ఎండిన పేడ, నాలుగు విల్లో కొమ్మలు. గోంచా అనే పొడవాటి ఉన్ని అంగీ బిగించుకుని, పొయ్యికి ఎదురుగా ఇంటి పెద్దావిడ కూర్చుంటుంది. లద్దాఖీ పిల్లలు నాయనమ్మనూ అమ్మమ్మనూ 'అబీ' అని పిలుస్తారు. అబీ మొహానికి సెగ తగులుతుంటే వీపు చలికి బిగుసుకుపోతుంటుంది. మనవడు చేతికున్న ఉన్ని తొడుగు తీసి నాలుగు లైన్లు రాస్తాడు, మళ్లీ తొడుక్కుంటాడు. కోడలు పొయ్యి మూత తీసిన ప్రతిసారీ గది పొగతో నిండుతుంది. రాత్రి పదింటికి నిప్పు ఆరుతుంది. తెల్లారేసరికి గదిలో బిందెలోని నీళ్లు గడ్డకట్టి ఉంటాయి.

అదే ఊళ్లో నాలుగిళ్ల అవతల మరో కుటుంబం. వాళ్ల దక్షిణపు గదిలో పొయ్యి లేదు. అయినా రాత్రి ఎనిమిదింటికి పిల్లలు నేల మీద పుస్తకాలు పరుచుకుని హాయిగా బోర్లా పడుకుని చదువుకుంటున్నారు. దక్షిణపు గోడ మీద చెయ్యి ఆనిస్తే గోరువెచ్చగా తగులుతుంది. ఆ గోడకు బయటివైపు నల్లరంగు పూసి, ముందు ఓ జానెడు లోపు ఖాళీ వదిలి గాజు బిగించారు. మిగతా గోడల్లోనూ పైకప్పులోనూ గడ్డి, రంపపు పొట్టు కూరారు. కిటికీలకు రెండేసి గాజు పలకలు, రాత్రయితే దించే మందపాటి తెరలు. మోటార్లు లేవు, తీగలు లేవు.

చలికాలం వచ్చిందంటే లద్దాఖ్‌లోని ద్రాస్‌లో ఎన్ని మైనస్ డిగ్రీలో టీవీలు రోజూ చెబుతాయి. షికాగో, టొరంటో, లండన్‌లలో ఉన్న పిల్లలు ఫోన్ చేస్తే మాటల మధ్య హీటింగ్ బిల్లు సంగతి రాకుండా ఉండదు. ఇల్లు వెచ్చగా ఉండాలంటే ఏం చేయాలని అడిగితే చాలామందికి ముందు తట్టేది హీటర్. లద్దాఖ్ అనుభవం వేరే దారి చూపిస్తోంది. వేడి పుట్టించే యంత్రం సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు ఉన్న వేడి బయటికి పోకుండా చూడాలి.

ఎండకు లోటు లేని చలి

లేహ్ సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత సగటున మైనస్ 14 దగ్గర ఉంటుంది. చలి ముదిరితే మైనస్ 20 కూడా దాటుతుంది. అయితే ఇది ఎడారి. ఏడాది మొత్తం మీద కురిసే వాన 100 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. ఏడాదిలో 300 రోజులకు పైగా ఎండ కాస్తుంది. గాలి పలచన, ఆకాశంలో మబ్బు తక్కువ. అందుకే నీడలో రక్తం గడ్డకట్టే చలి ఉన్న రోజున కూడా ఎండలో నిలబడితే ఒళ్లు కాలుతుంది.

సూర్యుడి దారి కూడా ఇక్కడివాళ్లకు కలిసొచ్చింది. డిసెంబరు నెలాఖరు మధ్యాహ్నం లేహ్‌లో సూర్యుడు దక్షిణాన 32 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. దక్షిణం వైపు కిటికీ ఉంటే ఆ వాలు ఎండ గది వెనక గోడ దాకా పాకుతుంది. జూన్‌లో అదే సూర్యుడు 79 డిగ్రీల ఎత్తుకు, దాదాపు నడినెత్తికి వస్తాడు. అప్పుడు కిటికీ మీద చిన్న చూరు ఉంటే చాలు, ఎండ లోపలికి రాదు.

పాతకాలం లద్దాఖీలకు ఈ సంగతులన్నీ తెలుసు. ఎండబెట్టిన మట్టి ఇటుకలతో మందపాటి గోడలు కట్టేవారు. ఉత్తరం వైపు కిటికీలు పెట్టేవారు కాదు, పెట్టినా చిన్నవే. కింది అంతస్తులో పశువులు ఉండేవి, వాటి ఒంటి వేడి పైగదులకు అందేది. మిద్దె మీద పశుగ్రాసం మోపులు పేర్చేవారు. అవి మేత అవసరం తీరుస్తూనే పైకప్పుకు దుప్పటిలా పనికొచ్చేవి. ఆ మిద్దె కట్టే తీరు రాయలసీమ వాళ్లకు కొత్తగా అనిపించదు. కర్నూలు, అనంతపురం పల్లెల్లో దూలాలు, దంతెలు వేసి మీద చౌడుమట్టి పరిచినట్టే, అక్కడ పోప్లర్ దూలాల మీద విల్లో పుల్లలు దగ్గరదగ్గరగా పేర్చి, ఎండు పొదలు పరిచి, మట్టి మెత్తుతారు. రెండుచోట్లా వాన తక్కువ, కలప అరుదు, మట్టి బోలెడు.

అయినా ఆ ఇళ్లు చలిని పూర్తిగా ఆపలేకపోయాయి. మందపాటి మట్టిగోడ వేడిని పీల్చుకుని నిలవ ఉంచుతుంది. అలాగని బయటి చలికి అడ్డంగా అదొక్కటే చాలదు. తలుపు సందులు, ఒంటి గాజు కిటికీలు, పలచని పైకప్పు ఉంటే పొయ్యిలో వేసిన పేడలో సగం ఊరి గాలిని వేడిచేయడానికే సరిపోతుంది.

> ఇంటి వేడి ఎటు పోతుంది?
>
> వేడిగాలి పైకి చేరుతుంది కాబట్టి పలచని పైకప్పు నుంచి ఎక్కువగా జారిపోతుంది. అందుకే ఇంటికి వెచ్చదనపు పొర వేయాలనుకునేవాళ్లు మొదట చూసుకోవాల్సింది పైకప్పునే.
>
> ఒకే పలక ఉన్న గాజు కిటికీతో పోలిస్తే, మధ్యలో గాలి పొర ఉంచి రెండు పలకలు బిగించిన కిటికీ నుంచి పోయే వేడి సుమారు సగమే. అమెరికా ఇంధన శాఖ అంచనా ప్రకారం అక్కడి ఇళ్లలో వేడికీ చల్లదనానికీ వాడే శక్తిలో 25 నుంచి 30 శాతం కిటికీల వల్లే ఖర్చవుతోంది.
>
> కదలని గాలి మంచి అడ్డుకట్ట. గడ్డి, ఉన్ని, రంపపు పొట్టు, థర్మాకోల్ అన్నీ పనిచేసేది తమలో గాలిని బంధించి ఉంచడం వల్లనే. అవి తడిస్తే ఆ గుణం పోతుంది.

పొగలో గడిచే నెలలు

లద్దాఖ్‌లో ఇంటికి వేడి కావలసింది రెండు నెలలో మూడు నెలలో కాదు. అక్టోబరులో వెలిగిన పొయ్యి ఏప్రిల్ దాకా వెలుగుతూనే ఉంటుంది. చెట్లు తక్కువ. ఉన్న పోప్లర్, విల్లో ఇంటి దూలాలకే కావాలి. అందుకని కొండ వాలుల వెంట పేడ ఏరుకొచ్చే పని ఎండాకాలమంతా సాగుతుంది. ఆ మోతలో ఎక్కువ భాగం ఆడవాళ్ల వీపు మీదే. పేడ కాలిస్తే మరో నష్టం కూడా ఉంది. పొలానికి వేయాల్సిన ఎరువు పొయ్యిలో బూడిదవుతుంది.

పొగ సంగతి మరీ బాధాకరం. లేహ్ వైద్యుడు డాక్టర్ త్సెరింగ్ నోర్బూ, మరికొందరు పరిశోధకులు ఒక హిమాలయ గ్రామంలో ఇళ్లలోని పొగ మీద, ఊపిరి జబ్బుల మీద చేసిన అధ్యయనం 1991లో అచ్చయింది. అక్కడివారు వదిలే ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ వేసవిలో కంటే చలికాలంలో ఎక్కువగా ఉన్నట్టు అందులో తేలింది. ఫ్యాక్టరీ గొట్టం ఒక్కటి కూడా లేని, లోకంలోకెల్లా తేటగా కనిపించే ఆకాశం కింద, సొంత వంటింట్లో కూర్చున్న మనిషికి వచ్చిన కష్టం ఇది.

పొగగొట్టం ఉన్న బుఖారీ పొయ్యిలు, కిరోసిన్ హీటర్లు, గ్యాస్ సిలిండర్లు తర్వాత వచ్చాయి. 2019 ఫిబ్రవరిలో శ్రీనగర్ నుంచి లేహ్‌కు విద్యుత్ లైను ప్రారంభమై లద్దాఖ్ దేశ గ్రిడ్‌తో కలిసింది. ఇవన్నీ కాస్త ఊరటనిచ్చిన మాట నిజమే. కానీ సందులున్న ఇంట్లో ఏ ఇంధనం వాడినా ఖర్చు ఖర్చే. కొండదారులు మూసుకుపోయే చలికాలానికి సరిపడా ఇంధనాన్ని ముందే లారీల మీద పైకి చేర్చుకోవాలి.

నల్ల గోడ కథ

1983లో లేహ్‌లో లద్దాఖ్ ఎకలాజికల్ డెవలప్‌మెంట్ గ్రూప్ ఏర్పడింది. స్థానికులు పొట్టిగా లెడెగ్ అంటారు. స్వీడన్ నుంచి వచ్చి లద్దాఖీ భాష నేర్చుకున్న హెలెనా నార్బెర్గ్ హాడ్జ్ ఈ ప్రయత్నంలో ముందున్నారు. ట్రాంబ్ గోడను ఇక్కడి ఇళ్లకు పరిచయం చేసింది వీళ్లే.

ఈ గోడ పని చేసే తీరు వింటే ఇంతేనా అనిపిస్తుంది. దక్షిణపు గోడకు నల్లరంగు పూస్తారు. దాని ముందు కొద్దిగా ఖాళీ వదిలి గాజు బిగిస్తారు. ఎండ గాజులోంచి దూరి నల్ల గోడను కాలుస్తుంది. గోడ నుంచి వచ్చే సెగకు గాజు అడ్డుపడుతుంది కాబట్టి వేడి అక్కడే చిక్కుకుంటుంది. ఆ వేడి అడుగు మందం గోడను దాటి లోపలి ముఖానికి రావడానికి ఎనిమిది, పది గంటలు పడుతుంది. అంటే మధ్యాహ్నపు ఎండ సరిగ్గా చలి ముదిరే రాత్రి వేళకు గదిలోకి చేరుతుందన్నమాట.

ఇంతకంటే తేలికైన పద్ధతి, దక్షిణపు కిటికీలను పెద్దవి చేసి ఎండను నేరుగా గదిలోకి రానివ్వడం. మూడోది షెల్‌ఖాంగ్, అంటే గాజు గది. ఇంటికి దక్షిణాన ఆనుకుని గాజు పలకలతో కట్టిన వసారా లాంటిది. పగలు అందులో కూర్చుని అబీ జపమాల తిప్పుకుంటుంది, కోడలు ఉన్ని వడుకుతుంది.

> ట్రాంబ్ ఎవరు?
>
> ఫెలిక్స్ ట్రాంబ్ ఫ్రాన్స్ ఇంజినీరు. పిరనీస్ కొండల్లోని ఒడేయో అనే ఊళ్లో వాస్తుశిల్పి జాక్ మిషెల్‌తో కలిసి 1967లో ఇలాంటి గోడలున్న ఇల్లు కట్టాడు. అయితే ఆలోచన అంతకంటే పాతది. అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ మోర్స్ 1881లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. పేరు ట్రాంబ్‌దే నిలిచిపోయింది.

లద్దాఖ్‌లో ఎండతో వెచ్చబడే కట్టడాలకు అందరూ చూపించే ఉదాహరణ ఫే గ్రామం దగ్గరున్న సెక్మాల్ విద్యాసంస్థ ప్రాంగణం. ఇంజినీరు సోనమ్ వాంగ్‌చుక్, మరికొందరు లద్దాఖీ విద్యార్థులు 1988లో మొదలుపెట్టిన సంస్థ ఇది. పదో తరగతి తప్పిన పిల్లలకు ఇక్కడ చోటు దొరికింది. భవనాలు మట్టివి. దిమ్మిస కొట్టి బిగించిన గోడలు, దక్షిణాన పెద్ద కిటికీలు, చలికాలంలో ముందు భాగానికి తగిలించి వేసవి రాగానే తీసేసే ప్లాస్టిక్ పందిరి. ఆ పందిరి కింద చలిలోనూ కూరలు పండుతాయి. బయట మైనస్ 15 ఉన్నా లోపల ప్లస్ 15 చుట్టుపక్కల ఉంటుందని సంస్థ చెబుతుంది. 2016లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జరిగిన ప్రపంచ మట్టి కట్టడాల సభలో ఈ ప్రాంగణానికి టెర్రా పురస్కారం దక్కింది.

అంతర్జాతీయ పురస్కారాల కంటే పెద్ద విషయం పల్లెల్లో జరిగింది. ఫ్రెంచి సంస్థ జెరెస్, లెడెగ్ వంటి స్థానిక సంస్థలతో కలిసి 2008 నుంచి నాలుగైదేళ్లలో లద్దాఖ్, లాహౌల్-స్పితి పల్లెల్లో దాదాపు వెయ్యి ఇళ్లను ఇలా మార్చే పని చేపట్టింది. ఇల్లు మొత్తం కాకుండా ఒకటి రెండు గదులను మార్చడం దీని పద్ధతి. ఊరి తాపీ మేస్త్రులకూ వడ్రంగులకూ పని నేర్పారు. ఖర్చులో చాలా భాగం ఇంటివాళ్లే పెట్టుకున్నారు. ఇంధనం వాడకం సగం దాకా తగ్గింది. ఆడవాళ్లకు పేడ మోత తగ్గింది. చలికాలంలో ఖాళీగా పడి ఉండే గది వాడకంలోకి వచ్చింది. అక్కడ కూర్చుని నేత, అల్లిక పనులు చేసుకోవడం కుదిరింది.

కాంక్రీటు వెనక ఉన్న భయం

ఇంత తేలికైన పద్ధతి ఉండగా లేహ్ బజారు చుట్టుపక్కల కొత్తగా లేస్తున్న ఇళ్లు ఎలా ఉన్నాయంటే, సన్నని సిమెంటు దిమ్మెల గోడలు, కాంక్రీటు స్లాబు, రోడ్డు ఎటుంటే అటు తిరిగిన పెద్ద పెద్ద అద్దాలు. దక్షిణం ఎటుందో చూసుకోని అద్దం పగలు ఎండనూ తీసుకోదు, రాత్రి వేడినీ నిలపదు. మట్టిగోడతో పోలిస్తే కాంక్రీటు వేడిని తొందరగా బయటికి పోనిస్తుంది. మధ్యలో ఏ పొరా లేకుండా కడితే అది చలికి దారి తెరవడమే. చలికాలం అతిథుల కోసం కొన్ని హోటళ్లు డీజిల్ కాల్చి గదులు వేడిచేస్తున్నాయి.

దీన్ని మోజు అని కొట్టిపారేయడం అన్యాయం. 2010 ఆగస్టు 5 అర్ధరాత్రి లేహ్ మీద కుంభవృష్టి కురిసింది. వాన ఎరగని ఎడారిలో మట్టి ఇళ్లు వరద బురదలో కూలిపోయాయి. వందల మంది చనిపోయారు. ఆ రాత్రి చూసిన కుటుంబానికి మట్టి గొప్పదని చెప్పడానికి నోరు రాదు. ఇటీవలి ఏళ్లలో వానల తీరు మారడంతో మట్టి మిద్దెలు కారడమూ ఎక్కువైంది. పైగా పక్కా ఇల్లు కట్టుకోవడం ఎక్కడైనా గౌరవానికి గుర్తే. మన ఊళ్లలో పెంకుటిళ్లు పోయి స్లాబులు వచ్చినప్పుడు జరిగిందీ ఇదే.

కాబట్టి మట్టా, సిమెంటా అన్న తగువు పెట్టుకోనక్కర్లేదు. కాంక్రీటు చట్రం మధ్య మట్టి ఇటుకలు పేర్చవచ్చు. సిమెంటు గోడ లోపల గడ్డీ మట్టీ కలిపిన పొర వేయవచ్చు. ఇంటి ముఖాన్ని దక్షిణానికి తిప్పడానికి పైసా ఖర్చు లేదు. ఆ నిర్ణయం పునాది తీసే రోజునే జరగాలి. లద్దాఖ్‌లో మట్టిపనీ సిమెంటు పనీ సాగేది మే నుంచి సెప్టెంబరు దాకానే. అప్పుడు మైదానాల నుంచి వచ్చే కూలీలు, మేస్త్రులు తమకు అలవాటైన పద్ధతిలో త్వరగా కట్టేసి వెళ్లిపోతారు. పక్కనున్న హిమాచల్ ప్రదేశ్‌లో 2,000 మీటర్లకు పైన కట్టే ప్రభుత్వ భవనాల్లో సూర్యరశ్మి పద్ధతులు పాటించాలన్న విధానం ఉంది. లద్దాఖ్‌లో అలాంటి నిబంధన ప్రైవేటు ఇళ్లకూ హోటళ్లకూ కూడా రావాలి.

గల్వాన్ తర్వాత

2020 జూన్‌లో లద్దాఖ్ సరిహద్దున గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్ బాబు అమరుడయ్యారు. ఆ తర్వాత వచ్చిన చలికాలం వేలాది జవాన్లు ఆ ఎత్తుల్లోనే ఉండిపోవాల్సి వచ్చింది. వాళ్ల గుడారాలకు వెచ్చదనం కావాలంటే కిరోసిన్ కాల్చాల్సిందే. 2021 ఫిబ్రవరిలో వాంగ్‌చుక్ ఎండతో వెచ్చబడే గుడారం నమూనా చూపించారు. పది మంది దాకా పడుకోవచ్చు. విడదీస్తే ఏ భాగమూ 30 కిలోలు దాటదు, మనుషులు మోసుకుపోవచ్చు. రాత్రి పదింటికి బయట మైనస్ 14 ఉంటే లోపల ప్లస్ 15 ఉందని ఆయన ఫొటోలతో సహా వెల్లడించారు. సూత్రం పల్లె ఇంటి నల్ల గోడదే.

> గాలి ఆడాలి, లేకుంటే ప్రాణం పోతుంది
>
> ఉత్తరాదిలో ఏటా చలికాలం కుంపటి వెలిగించి తలుపులు బిగించుకుని పడుకున్న కుటుంబాలు తెల్లారి నిద్ర లేవలేదన్న వార్తలు వస్తూనే ఉంటాయి. బొగ్గు, పేడ, కట్టె అరకొరగా కాలినప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు.
>
> ఇంటి సందులు మూసేవాళ్లు ఈ సంగతి మరవకూడదు. మంట ఉన్న గదికి పొగగొట్టం, తాజా గాలి దారి ఉండి తీరాలి. నిద్రపోయే గదిలో కుంపటి వద్దు. గ్యాస్ హీటింగ్ ఉన్న విదేశీ ఇళ్లలో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరిగా పెట్టుకోవాలి.

కెనడాలో కొలిమి లేని ఇల్లు

1973 చమురు సంక్షోభం తర్వాత తక్కువ ఇంధనంతో ఇంటిని వెచ్చగా ఉంచడం ఎలా అని చలిదేశాలూ ప్రశ్న వేసుకున్నాయి. కెనడాలోని రెజీనా నగరంలో చలికాలం మైనస్ 30 దాటుతుంది. 1977లో హెరాల్డ్ ఆర్, మరికొందరు ఇంజినీర్లు అక్కడ సస్కాచెవాన్ కన్జర్వేషన్ హౌస్ అనే ఇల్లు కట్టారు. గోడలు అడుగు మందం, నిండా వెచ్చదనపు పొర. పైకప్పులో అంతకంటే మందం. సందు అన్నది లేకుండా ప్లాస్టిక్ పొరతో మూశారు. లోపలి గాలి బయటికి పోయేటప్పుడు దాని వేడిని లోపలికి వచ్చే చల్లగాలికి అందించే పరికరం పెట్టారు. అక్కడి ప్రతి ఇంటి నేలమాళిగలోనూ ఉండే హీటింగ్ కొలిమి ఈ ఇంట్లో లేనే లేదు.

ఎండను పట్టేందుకు ఖరీదైన సౌర గొట్టాలు కూడా అమర్చారు. వాటి నిర్వహణ భారమై కొన్నాళ్లకు తీసేశారు. మందపాటి గోడలు, బిగువైన కిటికీలు మాత్రం అలాగే ఉన్నాయి, ఇంట్లో మనుషులు కాపురముంటూనే వచ్చారు. జర్మనీ శాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ ఫైస్ట్ 1991లో డార్మ్‌స్టాట్‌లో పూర్తిచేసిన తొలి 'పాసివ్ హౌస్' వెనక ఈ అనుభవం కూడా ఉంది. చదరపు మీటరుకు ఏడాదికి 15 యూనిట్ల వేడి చాలు అన్నది ఆ ఇళ్ల కొలత.

> చలిదేశంలో అద్దె ఇంట్లో ఉన్నారా?
>
> గాలి వీచే రోజు అగరుబత్తి వెలిగించి కిటికీ చట్రాల పక్కన, తలుపుల కింద, ప్లగ్గుల దగ్గర పట్టుకోండి. పొగ చెదిరితే అక్కడ సందు ఉన్నట్టే. స్పాంజి పట్టీలు, తలుపు కింద అడ్డు, కిటికీకి అంటించే పలచని ప్లాస్టిక్ పొర, ఇవన్నీ అద్దె ఇంట్లోనూ వేసుకోవచ్చు. ఖర్చు కొద్దిదే.
>
> పగలు ఎండ పడే కిటికీ తెరలు తీయండి, పొద్దు వాలగానే వేసేయండి.
>
> రోజుకు ఎనిమిది గంటల పాటు థర్మోస్టాట్‌ను మామూలు కంటే 7 నుంచి 10 ఫారన్‌హీట్ డిగ్రీలు తగ్గిస్తే ఏడాది మీద హీటింగ్, కూలింగ్ ఖర్చులో 10 శాతం దాకా ఆదా అవుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. పసిపిల్లలూ పెద్దవాళ్లూ ఉన్న ఇంట్లో మాత్రం ఇది చూసి చేయాలి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు చలి వేస్తోందని నోరు తెరిచి చెప్పకపోవచ్చు.
>
> సొంత ఇల్లయితే ముందు అటక మీద వెచ్చదనపు పొర ఎంత మందం ఉందో చూడాలి. హీట్ పంప్ సంగతి ఆ తర్వాత. ఏసీని తిరగేసి నడిపినట్టు పనిచేసే ఈ యంత్రం, చలి మరీ ఎక్కువ లేనప్పుడు ఒక యూనిట్ కరెంటుతో సుమారు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది.

ఇది చలి ఊళ్ల గొడవే అని తెలుగు పాఠకులు పేజీ తిప్పేయనక్కర్లేదు. వేడిని లోపల ఆపే పొరే మే నెల ఎండను బయట ఆపుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇంటిమీది ఎండను తిప్పికొట్టడానికే. సూర్యుడు ఏ కాలంలో ఎటు నుంచి వస్తాడో చూసుకుని కట్టడం రెండు చోట్లా అవసరమే.

మూతపడే బడులు

లద్దాఖ్‌లో ప్రభుత్వ బడులు డిసెంబరు మధ్యలో మూతపడితే మార్చి దగ్గరపడ్డాకే తెరుచుకుంటాయి. గదుల్ని వేడిచేయలేకే ఆ సెలవులు. అక్కడ పొలం పని ఉండేది వేసవిలో. పిల్లలకు ఇంటి దగ్గర చేతినిండా పని ఉన్న నెలల్లో బడి నడుస్తుంది, తీరిక ఉన్న నెలల్లో మూతపడుతుంది. పట్నం వెళ్లి ట్యూషన్ చెప్పించుకోగల వాళ్లు జమ్మూకో చండీగఢ్‌కో వెళతారు. మిగిలినవాళ్లు పొయ్యి చుట్టూ ఉండిపోతారు.

బడికి ఈ పద్ధతి ఇంటికన్నా బాగా నప్పుతుంది. తరగతులు జరిగేది పగలే, ఎండ వచ్చేదీ పగలే. రాత్రికి వేడి నిలవ పెట్టాల్సిన పని లేదు కాబట్టి మందపాటి నల్ల గోడ కూడా అక్కర్లేదు. దక్షిణాన పెద్ద కిటికీ, గోడల్లో పైకప్పులో గడ్డి పొర, ఉత్తరాన మూసిన గోడ ఉంటే చాలు. కొత్తగా మంజూరయ్యే ప్రతి బడి నక్షా మీదా ఈ మూడూ ఉన్నాయో లేవో చూసి సంతకం పెట్టాలి. పని నేర్చిన మేస్త్రులు ఆ ఊళ్లలోనే ఉన్నారు.